న్యూ సౌత్ వేల్స్‌లో పొడిగించిన పర్యవేక్షణ ఉత్తర్వు: సవరణకు, రద్దుకు దరఖాస్తు విధానం

శిక్ష పూర్తవుతున్నా, పర్యవేక్షణ లేకుంటే మళ్లీ తీవ్రమైన లైంగిక నేరమో హింసా నేరమో చేసే ముప్పు ఉందని బలంగా తేలినవారిపై ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు 2006 నాటి చట్టం కింద, విడుదలయ్యాక కూడా అధికారుల పర్యవేక్షణలో షరతులకు లోబడి ఉండాలంటూ ఈ ఉత్తర్వు ఇస్తుంది. ఒక్కో ఉత్తర్వుకు గరిష్ఠ కాలం 5 ఏళ్లు. పేరు చూసి పొరబడొద్దు, ఇది ఆ రాష్ట్రపు కోర్టు. అక్కడ దేశం మొత్తానికీ పెద్ద కోర్టును హైకోర్టు అంటారు, మనకు తలకిందులు.

గడువు మధ్యలో కోర్టు తనంతట తాను ఈ ఉత్తర్వును తిరగదోడదు. కరెక్టివ్ సర్వీసెస్ (జైళ్ల, పర్యవేక్షణ శాఖ) కమిషనర్ 12 నెలలు మించకుండా అటార్నీ జనరల్‌కు నివేదిక పంపాలి, ఉత్తర్వు ఇంకా అవసరమా కాదా అందులో చెప్పాలి. అంతమాత్రాన విచారణ మొదలుకాదు. ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి. 13వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమైనా, ఆంక్షల్లో ఉన్న వ్యక్తయినా ఎప్పుడైనా పెట్టవచ్చు.

ముందుగా షరతుల కాగితాన్ని అక్షరం అక్షరం చదవండి. ‘అధికారి ముందస్తు అనుమతి లేకుండా’, ‘అధికారి ఆదేశిస్తే’ అన్న మాటలుంటే ఆ సడలింపు పర్యవేక్షణాధికారి చేతిలోనే ఉంది, కోర్టుదాకా పోనక్కరలేదు. తేదీలు, చిరునామా, కారణం రాసి అడగండి. కాదంటే ఆ జవాబును దాచిపెట్టుకోండి. రేపు అఫిడవిట్‌కు జతచేయడానికి అంతకన్నా పనికొచ్చే కాగితం ఉండదు.

పాత కేసు నంబరు మీదే దరఖాస్తు వేసేటప్పుడు నోటీస్ ఆఫ్ మోషన్‌కు (కోర్టును ఏం కోరుతున్నారో చెప్పే పత్రం) ఫారం 20, అఫిడవిట్‌కు ఫారం 40. విచారణ తేదీకి కనీసం 3 రోజుల ముందే ప్రభుత్వ పక్షానికి ప్రతులు అందాలి. ‘షరతులు మరీ కఠినంగా ఉన్నాయి’ అని రాస్తే ఏమీ రాదు. ఎన్నో నంబరు షరతు తీసేయాలో, దాని బదులు ఏ వాక్యం ఉండాలో మీరే రాసివ్వాలి.

రద్దే అడిగితే, ఉత్తర్వు ఇక అక్కర్లేనంతగా పరిస్థితులు మారాయని చూపడమే ప్రధాన దారి. చికిత్స హాజరు, మత్తుపదార్థాల పరీక్షల ఫలితాలు, ఉద్యోగం, స్థిర నివాసం: అన్నీ ఉత్తర్వు తేదీ తర్వాతివి కావాలి. మానసిక నిపుణుడికి పాత తీర్పు, అప్పటి ముప్పు అంచనాలు ముందే ఇవ్వండి. అవి చదవకుండా ‘బాగా మెరుగుపడ్డాడు’ అని రాసిన నివేదిక మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

దరఖాస్తు పెండింగులో ఉన్నా షరతులు ఆగవు. ఉల్లంఘనకు 5 ఏళ్ల దాకా జైలు. కస్టడీలో గడిపిన రోజులు గడువులో లెక్కకు రావు కాబట్టి ముగింపు తేదీ అంత ఆలస్యమవుతుంది. కాగితం మీది తేదీనే నమ్ముకుని చిక్కుల్లో పడొద్దు. ఓడినా ఎదుటి పక్షం ఖర్చులు మీ మీద పడవు.

అసలు ఉత్తర్వే తప్పని వాదించాలంటే 13వ సెక్షన్ కాదు. దానికి కోర్ట్ ఆఫ్ అప్పీల్‌కు వెళ్లాలి, 28 రోజుల్లో.