అద్దె ఇల్లా, సొంత ఫ్లాటా: హైదరాబాద్‌లో లెక్క ఇలా వేసుకోండి

ఈఎంఐని అద్దెతో పోలిస్తే మొదట్లోనే లెక్క తప్పుతుంది. ఈఎంఐలో అసలుకు జమయ్యే భాగం ఎటూ పోదు, ఇంట్లోనే ఉంటుంది. అద్దెలా తిరిగిరాని డబ్బు వడ్డీ. అద్దెను, వడ్డీని పక్కపక్కన పెట్టండి.

నిజాంపేటలో 80 లక్షల రెడీ ఫ్లాట్, అదే అపార్ట్‌మెంట్‌లో అలాంటి దాని అద్దె 22,000 అనుకుందాం. బ్యాంకు 80 శాతం ఇస్తే లోను 64 లక్షలు. మీ వాటా 16 లక్షలు, దానిపైన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 6 లక్షలు. వీటికి బ్యాంకు లోను రాదు. కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్ మాట ఎత్తకముందే 22 లక్షలు చేతిలో ఉండాలి. కట్టుబడిలో ఉన్నదైతే 5 శాతం జీఎస్టీ కూడా. కట్టడం పూర్తయి ఓసీ (నివాసానికి అనుమతి పత్రం) వచ్చాక కొంటే ఆ బాధ లేదు.

8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల ఈఎంఐ దాదాపు 55,500. మొదటి నెల అందులో 45,300 వడ్డీకే. 22 లక్షలు ఎఫ్‌డీలో ఉంటే నెలనెలా వచ్చే 12,000 కూడా పోయినట్టే. అద్దె తీసేస్తే తేడా 35,000 పైనే, ఏడాదికి 4.2 లక్షలు. ఫ్లాటు ధర ఏటా 5 శాతానికి పైగా పెరిగితేనే మొదటి ఏళ్లలో సరికి సరి. ఐదారేళ్లలో ఊరు మారే ఉద్యోగమైతే అద్దెకే ఉండండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు రాదు, ఏజెంటు చెప్పే 2 లక్షలు పాత విధానానివి.

కొనాలనే నిశ్చయించుకుంటే యూడీఎస్ (ఫ్లాటుతో పాటు మీకు వచ్చే నేల వాటా) ఎన్ని గజాలో ముందు అడగండి. ధర పెరిగేది నేలకే, గోడలు పాతబడతాయి. అదే 1,400 చదరపు అడుగులకు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో వచ్చే వాటా ముప్పై అంతస్తుల టవర్‌లో రాదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ‘ప్రీ-లాంచ్ రేటు’ అన్నవారికి రూపాయి ఇవ్వొద్దు. నంబరున్నా, సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి అడగడం చట్టవిరుద్ధం.

30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరుకు చూపించండి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూములు) ఉందేమో, చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) పడుతుందేమో చూడండి. 25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ అంచు నుంచి 30 మీటర్లు బఫర్, అక్కడ కట్టకూడదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ‘అందరూ కట్టుకున్నారుగా’ అన్న ధీమా చెల్లదు. ఫ్లాటు చూడ్డానికి ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. గేటు దగ్గర ట్యాంకర్లు ఎన్ని వస్తున్నాయో వాచ్‌మన్‌ని అడిగితే బోరు సంగతి తెలిసిపోతుంది.

అద్దెకే మొగ్గితే పని తక్కువ. రెండు నెలల అడ్వాన్సు, 11 నెలల అగ్రిమెంటు మామూలే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోస్తారు. ఆ కోత ఎంతో, మెయింటెనెన్స్ ఎవరిదో, ఏటా ఎంత పెంచుతారో అగ్రిమెంటులోనే రాయించుకోండి.