హెపటైటిస్-బి ఉన్న గర్భిణి: కాన్పుకు ముందు, తర్వాత

గర్భిణికి చేసే తొలి రక్తపరీక్షల్లో హెపటైటిస్-బి (కాలేయాన్ని దెబ్బతీసే వైరస్) పాజిటివ్ అని తేలితే, గర్భం నిలుపుకోవచ్చా అన్న ప్రశ్నే ముందుగా వస్తుంది. నిరభ్యంతరంగా నిలుపుకోవచ్చు. ఈ వైరస్ బిడ్డకు సోకేది ఎక్కువగా కాన్పు సమయంలోనే కాబట్టి, ఏర్పాట్లు చేసుకోవడానికి నెలల వ్యవధి ఉంటుంది.

రిపోర్టు రాగానే కాలేయ పరీక్షలూ, రక్తంలో వైరస్ ఎంత ఉందో తెలిపే వైరల్ లోడ్ పరీక్షా చేయించాలి. వైరస్ మిల్లీలీటరుకు 2,00,000 అంతర్జాతీయ యూనిట్లు మించితే, వైద్యులు సాధారణంగా 28వ వారానికల్లా వైరస్‌ను అదుపుచేసే టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడతారు. కాన్పు అయిపోయింది కదా అని వాటిని సొంతంగా మానేస్తే కాలేయవాపు తిరగబెట్టవచ్చు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. భర్తకూ, ముందు పుట్టిన పిల్లలకూ పరీక్ష చేయించడం మరవకూడదు.

ఈ ఒక్క కారణంతో సిజేరియన్ అవసరం లేదు. అసలు జాగ్రత్తంతా బిడ్డ పుట్టిన తొలి గంటల్లోనే ఉంది. తొడపై అంటిన రక్తాన్ని శుభ్రంగా తుడిచాక, ఒక తొడకు హెపటైటిస్-బి టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీలు) ఇంజెక్షన్ వేస్తారు. రెండూ 12 గంటల్లోపు పడాలి. ఇమ్యునోగ్లోబులిన్ దొరకలేదని టీకాను మాత్రం 24 గంటలు దాటనివ్వకూడదు. ఇమ్యునోగ్లోబులిన్ అన్ని ఆసుపత్రుల్లోనూ సిద్ధంగా ఉండదు కనుక, 36వ వారంలోనే విచారించి తెప్పించి ఉంచమని కోరడం మేలు. నొప్పులు అర్ధరాత్రి మొదలై, ఎప్పుడూ చూడని డాక్టరు కాన్పు చేయాల్సి రావచ్చు. అందుకే రిపోర్టు ఫైలులో అన్నిటికంటే పైన ఉండాలి, వెంట వెళ్లేవారికీ విషయం తెలిసి ఉండాలి. సిగ్గుపడి దాచితే నష్టపోయేది బిడ్డే, ఎందుకంటే పుట్టుకతో ఈ వైరస్ సోకిన పిల్లల్లో సుమారు 90 శాతం మందికి అది దీర్ఘకాల వ్యాధిగా స్థిరపడుతుంది.

తల్లిపాలు వెంటనే పట్టవచ్చు. చనుమొన పగిలి రక్తం వస్తుంటే మాత్రం, అది మానేవరకు ఆ వైపు పాలు పిండి పారబోసి, రెండో వైపు పట్టాలి.

మిగతా టీకా డోసులు షెడ్యూలు ప్రకారం పూర్తిచేయాలి. పుట్టినప్పుడు రెండు కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకు తొలి డోసును లెక్కలోకి తీసుకోకుండా మరో మూడు వేయిస్తారు. 9 నుంచి 12 నెలల మధ్య బిడ్డకు రక్తపరీక్ష చేయించాలి. అంతకుముందు చేయిస్తే ఇమ్యునోగ్లోబులిన్ ప్రభావం వల్ల ఫలితం తప్పుదోవ పట్టించవచ్చు. వైరస్ లేకపోయినా యాంటీబాడీలు మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్ల కంటే తక్కువ ఉంటే మళ్లీ టీకా వేయిస్తారు.