కరెంటు నెలల తరబడి రాకపోతే: ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

కరెంటు పోగానే మనం లైటు కోసం వెతుక్కుంటాం, ఆ తర్వాత ఫోన్ చార్జింగ్ ఎంతుందో చూసుకుంటాం. ఒక పూట కోతకైతే ఆ టెన్షన్ చాలు. గ్రిడ్ కూలి వారాలు, నెలలు గడిచే పరిస్థితి వేరు. 2017 సెప్టెంబరులో మరియా తుపాను దాటాక అమెరికా పాలనలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో కొన్ని ఇళ్లకు కరెంటు తిరిగి రావడానికి దాదాపు 11 నెలలు పట్టింది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు పాడైతే అప్పటికప్పుడు కొని తెచ్చి పెట్టలేరు. ఆర్డరిచ్చి చేయించాలి, దానికే ఏడాది దాటొచ్చు. పైగా తుపానే రానక్కర్లేదు. 1989 మార్చిలో సూర్యుడి నుంచి దూసుకొచ్చిన కణాల వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో రేగిన తుపాను దెబ్బకు కెనడాలోని క్యూబెక్ గ్రిడ్ సుమారు నిమిషంన్నరలో పడిపోయింది. అది దాదాపు తొమ్మిది గంటల్లో తేరుకుంది.

ఏదైనా కొనేముందు ఒక పని చేయండి. సెలవు రోజు చూసుకుని మెయిన్ స్విచ్ ఆపేసి రెండు రోజులు ఉండండి. నేను చేశాను. ఇంట్లో టార్చిలైట్లు నాలుగున్నాయి, మొదటి రోజు సాయంత్రానికే ట్యాంకులో నీళ్లు లేవు. మోటారు కరెంటుతో నడుస్తుందని తెలియక కాదు, ఎప్పుడూ ఆలోచించలేదంతే. ఆ రాత్రి నా కొనుగోళ్ల జాబితా అంతా మారిపోయింది.

అందుకే మొదట నీళ్లు. తాగడానికి, కొద్దిపాటి వంటకు మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు కావాలి. నలుగురికి రెండు వారాలంటే 224 లీటర్లు. స్నానం, ఉతుకుడు కూడా కలిపితే సహాయ శిబిరాల్లో పాటించే కనీస లెక్క మనిషికి రోజుకు 15 లీటర్లు. ఆ లెక్కన నెలల తరబడి నిల్వ చేయడం ఎవరివల్లా కాదు. కాబట్టి రెండు వారాలకు నిల్వ పెట్టుకోండి, ఆ తర్వాతి కోసం నడిచి వెళ్లి తెచ్చుకోగల బావో, చెరువో, వాననీటి తొట్టో ఎక్కడుందో చూసి పెట్టుకోండి. తెచ్చిన నీటిని శుభ్రం చేసుకునే దారులు కనీసం రెండు ఉండాలి.

మొదటిది మరిగించడం. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో అయితే మూడు నిమిషాలు. పది నిమిషాలు మరిగిస్తే వంటచెరకు దండగ. రెండోది వాసన, రంగు కలపని మామూలు బ్లీచ్ ద్రావణం. అందులో సోడియం హైపోక్లోరైట్ 5–6 శాతం ఉంటే లీటరు తేట నీటికి 2 చుక్కలు, మురికిగా ఉంటే 4 చుక్కలు వేసి కలిపి అరగంట ఆగాలి. తర్వాత కొద్దిగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మళ్లీ అంతే వేసి ఇంకో పావుగంట ఆగాలి. బ్లీచ్ నిల్వ ఉన్నకొద్దీ బలం తగ్గుతుంది, అందుకని సీసా మీద కొన్న తేదీ రాసి ఏటా మార్చండి. ఈ రెండూ అయిపోయిన రోజున ఎండ ఉంటుంది. పారదర్శకమైన రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో తేట నీరు పోసి, మంచి ఎండలో ఆరు గంటలు పడుకోబెట్టాలి. సగానికి పైగా మబ్బుంటే రెండు రోజులు. అయితే ఇవన్నీ క్రిముల మీదే పనిచేస్తాయి. పురుగుమందో పెట్రోలో కలిసిన నీటిని ఎంత మరిగించినా తాగకూడదు.

నీటి తర్వాత మరుగుదొడ్డి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, మనుషుల్ని మంచాన పడేసేది మాత్రం ఇదే. మురుగు పంపులు ఆగితే కింది అంతస్తుల్లోకి వెనక్కి పొంగొచ్చు. మూతలున్న రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకటి మూత్రానికి, ఇంకోటి మలానికి. రెండోదాంట్లో ప్రతిసారీ బూడిదో రంపపు పొట్టో చల్లాలి. గొయ్యి తవ్వితే నీటి వనరుకు కనీసం 30 మీటర్ల దూరంలో తవ్వాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలిపి, కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి.

తిండి విషయంలో అంత కంగారు అక్కర్లేదు. పెద్దవాళ్లకు రోజుకు సుమారు 2,100 కేలరీలు, కిలో బియ్యంలోనో గోధుమల్లోనో దాదాపు 3,500. పప్పులు, నూనె, ఉప్పు పక్కన పెట్టుకుంటే లెక్క తేలిపోతుంది. రోజూ తినేవే కొనండి, పాతవి వాడుతూ కొత్తవి వెనక పెట్టండి. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లగా ఉంటాయి.

ఇక అసలు విపత్తును తప్పించుకున్నవాళ్లను కూడా చంపేది పొగ. జనరేటరు, బొగ్గుల కుంపటి ఇంట్లోకీ, గ్యారేజీలోకీ, బాల్కనీలోకీ తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. జనరేటరును కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో పెట్టండి. దాని తీగను గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకునే తెలివి అసలే వద్దు. ఆ కరెంటు వెనక్కి లైనులోకి పోయి, స్తంభమెక్కిన లైన్‌మన్‌ను చంపగలదు. ఇంటి మీద సోలార్ ఉందని ధీమాగా ఉన్నవాళ్లకూ ఒక మాట. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన ప్యానెళ్లు సాధారణంగా గ్రిడ్ పోగానే అవీ ఆగిపోతాయి, కారణం ఆ లైన్‌మన్ భద్రతే. మీది ఎలాంటిదో బిగించినవాళ్లను ఇప్పుడే అడగండి. పెట్రోలు కూడా కొన్ని నెలలకే చెడిపోతుంది, డబ్బాలు పేర్చుకుని లాభం లేదు.

ఇంట్లో రోజూ మందులు వాడేవాళ్లుంటే డాక్టరుతో మాట్లాడి వీలైనంత అదనంగా తెచ్చిపెట్టుకోండి. వాడుకలో ఉన్న ఇన్సులిన్‌లో చాలా రకాలు 30 డిగ్రీల లోపు ఉంటే సుమారు 28 రోజులు పనిచేస్తాయి. గడ్డకడితే పారేయాల్సిందే. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, ఆక్సిజన్ యంత్రం వాడేవాళ్లకు మాత్రం నిల్వ సమాధానం కాదు. కరెంటున్న చోటికి వాళ్లను ముందే చేర్చాలి. ఎక్కడికి, ఎవరి బండిలో, ఏ దారిన అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

చేత్తో తిప్పే రేడియో ఒకటి, చిన్న నోట్లలో కొంత నగదు, ముఖ్యమైన నంబర్లు రాసిన కాగితం. సెల్ టవర్ల బ్యాటరీలు చాలాచోట్ల కొన్ని గంటలే వస్తాయి. ఆ కాగితం వెనక ఇరుగుపొరుగు వివరాలు కూడా రాయండి: చేదబావి ఎవరింట్లో ఉంది, నర్సు పని తెలిసినవారెవరు, మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న పెద్దాయనకు రోజూ నీళ్లు ఎవరు మోస్తారు.