చెన్నైలో వరద నీళ్ళు ఇంట్లోకి వస్తే సాయం ఎవరిని, ఎలా అడగాలి?

2015 డిసెంబరులో అడయార్ నది పొంగినప్పుడూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్ళికరణై మునిగినప్పుడూ చెన్నైలో సాయం చాలానే అందింది. అయితే ప్రభుత్వ సాయం వార్డును, అడ్రసును, రేషన్ కార్డును బట్టి వస్తుంది. ఇక్కడ ఉంటున్న మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆధార్ సొంతూరి అడ్రసుతో ఉంటుంది, ఉండేది అద్దె ఇల్లు. ఇల్లు మునిగిందని ఎక్కడో ఒకచోట నమోదు చేయించకపోతే మనం ఏ లెక్కలోకీ రాము. కింద చెప్పే పనులన్నిటిలో నేను పట్టుబట్టి చెప్పేది ఇదే.

1. ముందు ప్రాణాలు

నీళ్ళు పెరుగుతుంటే 112కి ఫోన్ చేయండి. అంబులెన్సుకు 108, ఫైర్ సర్వీసుకు 101. చెన్నై కార్పొరేషన్ నంబరు 1913. జిల్లా కంట్రోల్ రూముకు 1077, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఉండేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి: సెమ్మంచేరి దాటి నావలూరు, సిరుసేరి వచ్చాయంటే అది చెన్నై కార్పొరేషన్ కాదు, చెంగల్పట్టు జిల్లా. అక్కడివాళ్ళు 1913 కోసం ప్రయత్నిస్తూ కూర్చోకుండా 1077కి చేయాలి.

తమిళం రాకపోతే ఇంగ్లీషులో చెప్పండి, లేదా పక్కింటివాళ్ళకు ఫోన్ ఇచ్చి చెప్పించండి. వీధి పేరు, దగ్గర్లోని గుడి లేదా బస్‌స్టాప్, ఎన్నో అంతస్తు, ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో గర్భిణులు, పసిపిల్లలు, నడవలేనివాళ్ళు ఉన్నారా అన్నది ముందే కాగితం మీద రాసుకోండి. కంగారులో ఇవే మర్చిపోతాం. ఫోన్ పెట్టేసే ముందు కంప్లైంట్ నంబరు అడిగి రాసుకోండి.

నీళ్ళు రాకముందే, చేతులు పొడిగా ఉన్నప్పుడే కరెంటు మెయిన్ ఆపేయండి. తీగలు తెగిపడినా, స్తంభం ఒరిగినా కరెంటు వాళ్ళ నంబరు 94987 94987కి చెప్పండి.

2. కడిగేముందు ఫొటోలు

నీళ్ళు తగ్గగానే ఇల్లు కడిగేయాలనిపిస్తుంది. కాసేపు ఆగండి. గోడ మీద నీటి మరక, పాడైన ఫ్రిజ్, మంచం, బండి, ఇంటి నంబరు కనిపించేలా బయటి గోడ, అన్నీ ఫొటోలు తీసి ఇంకొకరికి కూడా పంపించండి.

3. డబ్బు, బియ్యం

2023లో కుటుంబానికి 6000 రూపాయలు రేషన్ షాపుల్లో టోకెన్లు ఇచ్చి పంచారు. కార్డు లేనివాళ్ళ దగ్గర అర్జీలు కూడా తీసుకున్నారు. కాబట్టి సాయం ప్రకటించగానే "మనకెక్కడిస్తారులే" అనుకోకుండా మీ వీధి రేషన్ షాపుకు వెళ్ళి అడగండి. రెంటల్ అగ్రిమెంట్, గ్యాస్ బిల్లు, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ జెరాక్సులు తీసుకెళ్ళండి. అగ్రిమెంట్ లేకపోతే ఇంటి ఓనరు చేత ఒక ఉత్తరం రాయించుకోండి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి బిల్డింగు పనులు చేసేవాళ్ళ దగ్గర ఈ కాగితాలేవీ ఉండవు. వాళ్ళు మీకు తెలిసినవాళ్ళైతే దయచేసి వెంట వెళ్ళి మాట్లాడండి.

మన ఊరి రేషన్ కార్డు ఆహార భద్రత చట్టం కిందిదైతే, 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పద్ధతిలో చెన్నైలో కూడా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు.

4. బండి, ఇన్సూరెన్స్

మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు, ఒక్కసారి కూడా. లోపల నీళ్ళుండగా స్టార్ట్ చేస్తే ఇంజిన్ పాడైపోవచ్చు. అలా పాడైనదానికి, పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ (ఇంజిన్ నష్టానికి విడిగా తీసుకునే కవర్) లేకపోతే, ఇన్సూరెన్స్ కంపెనీలు తరచూ డబ్బు ఇవ్వబోమంటాయి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరద నష్టం రాదు, మన బండి నష్టానికి కూడా వర్తించే కాంప్రిహెన్సివ్ ఉంటే వస్తుంది. ముందు క్లెయిమ్ నంబరు తీసుకుని, ఆ తర్వాతే బండిని లాగించండి. కంపెనీ కాదంటే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. చెన్నైలోనే ఆఫీసు ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

5. ఒళ్ళు, మనసు

నీళ్ళు మరిగించి తాగండి. వరద నీళ్ళలో నడిచాక జ్వరం, ఒళ్ళు నొప్పులు, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే సొంతంగా మాత్రలు వేసుకోకుండా డాక్టరు దగ్గరికెళ్ళి, వరద నీళ్ళలో తిరిగామని చెప్పండి. అది ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు.

మిచౌంగ్ చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటింది. ఊళ్ళో అమ్మానాన్నల గురించి, ఇక్కడ పిల్లల గురించి ఒకేసారి టెన్షన్. నిద్ర పట్టకపోయినా, వాన శబ్దం వింటేనే గుండె దడ వస్తున్నా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

6. తడిసిన కాగితాలు

అంటుకున్న కాగితాలను లాగి విడదీయకండి, ఫ్యాను కింద ఆరనివ్వండి. ఆధార్ కోసం 1947కి చేయండి. కాగితాలు పోతే తమిళనాడు పోలీసు వెబ్‌సైటులో పోయిన పత్రాల రిపోర్టు తీసుకోండి, డూప్లికేట్లకు చాలా చోట్ల అది అడుగుతారు. 2015 వరదల తర్వాత ప్రత్యేక క్యాంపులు పెట్టి డూప్లికేట్లు ఇచ్చారు, అలాంటివి పెడుతున్నారేమో కలెక్టరాఫీసులో అడగండి. ఊళ్ళో పొలం, ఇంటి దస్తావేజుల నకళ్ళ కోసం అక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం తెలిస్తే పని తొందరగా అవుతుంది.