కారవాన్‌లో లిథియం బ్యాటరీ – మూడవ పాఠం: నిల్వ లెక్క, నింపే దారులు

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసాన్ని ముందుగా సరిచూసుకుందాం. విశాఖపట్నం నుంచి అరకుకు నలుగురు కుటుంబ సభ్యులు కారవాన్‌లో బయలుదేరి, రెండు రాత్రులు కరెంటు లేని చోట బండి నిలుపుకుని ఉండాలన్నది అందులోని సందర్భం. వంట గ్యాస్ పొయ్యి మీదే. 45 వాట్ల చిన్న డీసీ ఫ్రిజ్ కంప్రెసర్ రోజులో సగం సేపు నడుస్తుందనుకుంటే 540 వాట్-గంటలు, 15 వాట్ల డీసీ ఫ్యాన్లు రెండు పదేసి గంటలు తిరిగితే 300, నాలుగు వాట్ల ఎల్ఈడీ దీపాలు నాలుగు, ఒక్కొక్కటి ఐదు గంటలు వెలిగితే 80, నాలుగు ఫోన్లకు 60, నీళ్ల పంపుకు 15, పొద్దున చట్నీకి మిక్సీ ఆరు నిమిషాలు తిరిగితే ఇన్వర్టర్‌లో పోయే నష్టంతో కలిపి 60. మొత్తం 1,055 వాట్-గంటలు. మన కరెంటు బిల్లు లెక్కలో ఇది ఒక యూనిట్ కంటే కొంచెం ఎక్కువ. రెండు రోజులకు 2,110 కావాలి.

మనం ఎంచుకున్నది 12.8 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్-గంటల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. రెండింటినీ గుణిస్తే 2,560 వాట్-గంటలు వస్తాయి. అడుగున ఐదో వంతు ఎప్పుడూ మిగుల్చుకోవాలన్న మన నియమం ప్రకారం వాడదగినది 2,048. అంటే రెండో రాత్రి గడిచేసరికి కొద్దిపాటి కొరత పడుతుంది. మూడో రోజు ఉండాలనిపిస్తే ఆ కొరత పెరుగుతుంది. అయినా ఇంతకంటే పెద్ద బ్యాటరీ కొనమని నేను చెప్పను. ఉన్న బ్యాటరీలో ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు తెలుసుకోవడం, దారిలో దాన్ని సరిగా నింపుకోవడం తెలిస్తే ఈ 200 ఏహెచ్ ఒక కుటుంబానికి చాలు. నేటి పాఠం ఆ రెండింటి గురించే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకి, ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉన్న తరువాత ఇన్వర్టరు, ట్యూబులర్ బ్యాటరీ మనకు మరింత అవసరమైన ఇంటి సామాను అయ్యాయి. ఆ బ్యాటరీతో మనకు కొన్ని అలవాట్లు కూడా వచ్చాయి. ఫ్యాను వేగం తగ్గినా, దీపం మసకబారినా నిల్వ అయిపోవచ్చిందని గ్రహిస్తాం. మీటరు ఉన్నవారు వోల్టేజీ చూసి నిల్వను అంచనా వేస్తారు. లిథియం దగ్గర ఈ అలవాట్లేవీ పనికిరావు. గ్యాస్ సిలిండర్‌లో ద్రవం ఉన్నంతసేపు మంట దాదాపు ఒకే తీరున వెలిగి, చివరకు వచ్చాక త్వరగా తగ్గిపోయినట్లే, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు కూడా తన నిల్వలో అత్యధిక భాగం ఇచ్చేదాకా 3.2, 3.3 వోల్టుల మధ్యనే నిలిచి, ఆ తరువాత ఒక్కసారిగా పడిపోతుంది. నాలుగు సెల్లుల బ్యాటరీలో 70 శాతం నిల్వకూ 40 శాతం నిల్వకూ మధ్య తేడా వోల్టులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైనా, సోలార్ పానెల్ మీద ఎండ పడినా వోల్టేజీ అంతకు మించి కదులుతుంది కాబట్టి వోల్టు మీటరును నమ్మి రాత్రి ఏర్పాటు చేసుకోకూడదు.

నిల్వ తెలియాలంటే బ్యాటరీలోకి వెళ్లిన కరెంటును, అందులోంచి వచ్చిన కరెంటును విడివిడిగా లెక్కపెట్టాలి. ఈ పని చేసేది షంట్. చాలా తక్కువ నిరోధం గల ఈ లోహపు దిమ్మె బ్యాటరీ నెగటివ్ తీగలో కూర్చుంటుంది. సాధారణంగా దొరికే 500 ఆంపియర్లు, 50 మిల్లీవోల్టుల షంట్ గుండా 50 ఆంపియర్లు ప్రవహిస్తే దాని రెండు కొసల మధ్య 5 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. ఆ స్వల్ప వోల్టేజీని క్షణక్షణమూ కొలిచి, కాలంతో గుణించి కూడే మానిటరు మనకు శాతాన్ని చూపుతుంది. బిగించేటప్పుడు ఒక్క నియమం ఎన్నడూ తప్పకూడదు: బ్యాటరీ నెగటివ్ కొసకు షంట్ తప్ప మరో తీగ తగలకూడదు. ఫ్రిజ్, ఇన్వర్టర్, సోలార్ కంట్రోలర్, బండి చాసిస్, అన్నిటి నెగటివ్‌లూ షంట్ అవతలి కొసకే రావాలి. ఒక్క తీగ నేరుగా బ్యాటరీకి వెళ్లినా దాని గుండా పోయే కరెంటు లెక్కకు అందదు. మానిటరులో 60 శాతం కనిపిస్తుండగానే ఓ రాత్రి బండి చీకటవుతుంది. లెక్కలోని చిన్న చిన్న పొరపాట్లు రోజురోజుకూ పేరుకుంటాయి కనుక వీలు కుదిరినప్పుడల్లా బ్యాటరీని పూర్తిగా నింపి, మానిటరు మళ్లీ 100 నుంచి లెక్క మొదలుపెట్టేలా చూసుకోవాలి.

ఇక నింపడం. ఒక్కో సెల్లుకు గరిష్ఠ పరిమితి 3.65 వోల్టులు కాబట్టి నాలుగింటికి 14.6. ఆ అంచు దాకా పోనవసరం లేదు, చార్జరును 14.2 నుంచి 14.4 మధ్య పెడితే బ్యాటరీ దాదాపు పూర్తిగా నిండుతుంది, సెల్లులను సమం చేసుకోవడానికి లోపలి బీఎంఎస్‌కు (సెల్లులను కనిపెట్టి కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డుకు) వ్యవధీ దొరుకుతుంది. నిండిన తరువాత పట్టి ఉంచే ఫ్లోట్ వోల్టేజీ 13.5 చాలు. సీసపు బ్యాటరీల కోసం చేసిన చార్జర్లలో ఈక్వలైజేషన్ అనే దశ ఉంటుంది, అది 15 వోల్టులు దాటుతుంది. ఆ దశను మూసివేసే వీలు లేని చార్జరును, ఇంట్లో పాతది పడి ఉంది కదా అని, లిథియంకు కలపకండి. ఈ విషయంలో మినహాయింపు ఇవ్వడానికి నాకు మనసు ఒప్పదు.

మొదటి దారి సూర్యుడు. విశాఖ ప్రాంతంలో సంవత్సరం సగటున రోజుకు సుమారు 5 గంటల నిండు ఎండకు సమానమైన శక్తి నేలకు చేరుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో, తుఫాను మబ్బులు కమ్మిన అక్టోబరు, నవంబరు రోజులలో అది బాగా తగ్గుతుంది. బండి పైకప్పు మీద 200 వాట్ల పానెల్ రెండు పరిచామనుకుందాం. 400ను 5తో గుణిస్తే 2,000 రావాలి గాని రాదు. పానెల్ సూర్యుడికి ఎదురుగా వాలి ఉండదు. మండుటెండలో దాని ఒంటి వేడి 60 డిగ్రీలు దాటుతుంది, 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకీ 0.35 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పోతుంది. తీగలలోనూ కంట్రోలర్‌లోనూ మరికొంత పోతుంది. పదిలో ఏడు వంతులు మిగిలితే మంచి రోజు. అంటే 1,400 వాట్-గంటలు, మన రోజు ఖర్చుకు మించి. అయితే అరకులో బండి నిలపడానికి మనసు లాగే చోటు కాఫీ తోటల పక్కన, సిల్వర్ ఓక్ చెట్ల కింద. పానెల్ మీద ఓ కొమ్మ నీడ పడినా, వరుసగా కలిపిన సెల్లుల కరెంటు మొత్తం తగ్గిపోతుంది. చల్లదనం కోసం నీడ కావాలో, ఫ్రిజ్ కోసం ఎండ కావాలో రోజూ పొద్దునే తేల్చుకోవాలి. మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి ఆ తరువాత నీడకు మార్చుకోవడం నాకు మేలుగా తోస్తుంది. భీమిలి బీచ్ రోడ్డులో రాత్రి నిలిపిన బండి పానెల్ మీద తెల్లారేసరికి ఉప్పు పొర చేరుతుంది, మామూలు నీళ్లతో కడిగితే చాలు. పానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే కంట్రోలర్, పానెల్ నుంచి గరిష్ఠ శక్తిని రాబట్టే ఎంపీపీటీ రకమే తీసుకోండి. కలిపేటప్పుడు ముందు బ్యాటరీని, తరువాత పానెల్‌ను కలపాలి, విప్పేటప్పుడు ముందు పానెల్‌ను విప్పాలి.

రెండవ దారి ఇంజిన్. బండి ఆల్టర్నేటర్ నుంచి ఒక లావు తీగ లాగి ఇంటి బ్యాటరీకి, అంటే కారవాన్ లోపలి మన లిథియం బ్యాటరీకి, కలిపేస్తే సరిపోతుందని ఆటోనగర్ షెడ్లలో కొందరు అంటారు. సీసపు బ్యాటరీల కాలంలో అది పని చేసింది, ఎందుకంటే సీసపు బ్యాటరీ నిండే కొద్దీ కరెంటు తీసుకోవడం తానే తగ్గించుకుంటుంది. లిథియం అలా చేయదు. దాని అంతర్గత నిరోధం చాలా తక్కువ కనుక ఆల్టర్నేటర్ ఎంత ఇవ్వగలదో అంతా, నిండబోయే ఘడియ దాకా, లాగుతూనే ఉంటుంది. ఆల్టర్నేటర్ మీద 100 ఆంపియర్లని రాసి ఉన్నా అది వేగంగా తిరుగుతూ చల్లగా ఉన్నప్పటి మాట. పెందుర్తి దాటేదాకా ట్రాఫిక్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్‌ను చల్లబరచవలసిన ఫ్యాను కూడా, అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి, నెమ్మదిగానే తిరుగుతుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ గది అంతా కాగిపోయి ఉంటుంది. అటువంటప్పుడు గంటల తరబడి పూర్తి కరెంటు లాగితే ఆల్టర్నేటర్ లోపలి తీగ చుట్టలు, డయోడ్లు కాలిపోతాయి. దీనికి తోడు, బ్యాటరీ నిండి బీఎంఎస్ హఠాత్తుగా తలుపు మూసేస్తే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి డయోడ్లనూ, బండిలోని ఎలక్ట్రానిక్స్‌నూ దెబ్బతీయగలదు.

వీటన్నిటికీ జవాబు డీసీ-డీసీ చార్జర్. ఇది బండి బ్యాటరీకీ ఇంటి బ్యాటరీకీ మధ్య నిలబడి, తనకు నిర్దేశించిన కరెంటుకు మించి లాగదు, ఇంటి బ్యాటరీకి కావలసిన వోల్టేజీనే ఇస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల బండ్లలో చాలా వాటికి ఇంధనం ఆదా చేయడానికి వోల్టేజీని హెచ్చుతగ్గులు చేసే ఆల్టర్నేటర్లు ఉంటాయి, వాటికైతే ఇది లేకుండా పని జరగదు. మన బండికి 30 ఆంపియర్లది చాలు. 30ని 13.5తో గుణిస్తే గంటకు 405 వాట్-గంటలు. నిండు బ్యాటరీతో విశాఖ వదిలితే అరకు దాకా ఆ చార్జరుకు ఫ్రిజ్‌ను నడపడం తప్ప పని ఉండదు. రెండో రోజు బొర్రా గుహలకు వెళ్లివచ్చేటప్పుడు మాత్రం రోడ్డు మీద ఒకటిన్నర గంట గడిచినా 600 వాట్-గంటలు చేరుతాయి. మొదట తేలిన కొరత, సూర్యుడితో నిమిత్తం లేకుండానే, అక్కడ తీరిపోతుంది.

మూడవ దారి, అతిథి గృహం దగ్గర గోడ ప్లగ్గు, సులువైనది. 30 ఆంపియర్ల లిథియం చార్జరు గోడ నుంచి రెండు ఆంపియర్లకు కాస్త మించి తీసుకుని ఖాళీ బ్యాటరీని ఓ రాత్రిలో నింపుతుంది. ప్లగ్గులో ఎర్త్ ఉందో లేదో చూసుకోండి, బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) పెట్టుకోండి.

చలి సంగతి విడిగా చెప్పాలి. సున్నా డిగ్రీల కంటే తక్కువ వేడిలో ఉన్న లిథియం సెల్లును చార్జ్ చేస్తే, గ్రాఫైట్ పొరల్లోకి ఇంకవలసిన లిథియం దాని ఉపరితలం మీద లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి రాదు, ముదిరితే సెల్లు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. వాడుకోవడానికి మాత్రం ఆ చలిలో అడ్డు లేదు. కోస్తాలో మనకు ఈ మాట అవసరం లేదనుకుంటాం గాని, లంబసింగిలో డిసెంబరు, జనవరి వేకువల్లో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుతుంది. తక్కువ ఉష్ణోగ్రతలో చార్జింగ్‌ను ఆపే ఏర్పాటు బీఎంఎస్‌లో ఉన్నదే కొనాలి, బ్యాటరీని బండి అడుగున కాక మనుషులు ఉండే గదిలోనే పెట్టాలి. మన ఊరి అసలు శత్రువు వేడి. మే నెలలో మూసి ఉంచిన బండిలో నిండు బ్యాటరీని వారాల తరబడి వదిలేస్తే దాని ఆయుష్షు తరుగుతుంది. ప్రయాణం లేని రోజుల్లో సగం నిల్వతో ఉంచండి.

లిథియం అంటే నిప్పు అని భయపడేవారికి ఒక మాట. 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రవేత్త గుడెనఫ్, ఆయనతో కలిసి పనిచేసిన పాఢి, నంజుండస్వామి లోకానికి పరిచయం చేసిన ఈ ఐరన్ ఫాస్ఫేట్ పదార్థంలో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా బంధింపబడి ఉండి, వేడెక్కినా తేలికగా విడివడదు. అందుకే కుటుంబం నిద్రించే బండిలో ఈ రకాన్నే ఎంచుకున్నాం. పాత విద్యుత్ స్కూటర్ల నుంచి తీసిన, ఏ రసాయనమో తెలియని సెల్లులను చవకగా వస్తున్నాయని తెచ్చుకోవద్దు. అయితే రసాయనం ఎంత నెమ్మదైనదైనా షార్ట్ సర్క్యూట్‌లో ఈ బ్యాటరీ వేల ఆంపియర్లు కుమ్మరిస్తుంది, మంట తీగ దగ్గర పుడుతుంది. 1,000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడు మీద దాదాపు 92 ఆంపియర్లు లాగుతుంది. దానికి మీటరు దూరానికి మించకుండా 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోపే 125 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు క్లాస్-టి రకం కావాలి, ఎందుకంటే మామూలు బ్లేడు ఫ్యూజు అంత పెద్ద ప్రవాహాన్ని తెంచలేక, కరిగిన తరువాత కూడా ఆర్క్ రూపంలో కరెంటును దాటనివ్వవచ్చు. తీగ కొసలకు నొక్కి బిగించే లగ్గులు తగరపు పూత ఉన్నవి తీసుకోండి. సముద్రపు గాలికి ఒట్టి రాగి పచ్చబడి, నిరోధం పెరిగి, బిగింపు దగ్గర వేడెక్కుతుంది. ఇంకొక మాట: ఆర్‌సీలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది కాబట్టి, సీట్లు తీసి మంచాలు వేయించే ముందే రవాణా శాఖ అనుమతి సంగతి చూసుకోండి.

అభ్యాసం: ఇదే బండి, ఇదే కుటుంబం. డిసెంబరులో నర్సీపట్నం మీదుగా లంబసింగి చేరి మూడు రాత్రులు ఉండాలి. చేరేసరికి నిల్వ 95 శాతం. చలికి ఫ్యాన్లు అక్కరలేదు, ఫ్రిజ్ రోజులో మూడో వంతు సేపే నడుస్తుంది. పొగమంచు వల్ల పానెల్ మామూలు ఉత్పత్తిలో మూడో వంతే ఇస్తుంది. మూడో రోజు సాయంత్రానికి నిల్వ ఎంత శాతం ఉంటుందో వాట్-గంటలలో లెక్కకట్టి రాసుకోండి. బ్యాటరీ ఒంటి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు చేరేదాకా చార్జింగ్ మొదలుపెట్టకూడదన్న నియమం పెట్టుకుంటే, పొద్దున బ్యాటరీ వేడెక్కడానికి ఏం చేస్తారో రెండు మార్గాలు ఆలోచించండి. నాలుగవ పాఠంలో తీగలను లగ్గులకు నొక్కడం, బిగించిన ప్రతి చోటా వోల్టేజీ నష్టాన్ని కొలవడం చేతులతో చేసి చూస్తాం. అందుకు డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు ఒకటి, 25 చదరపు మిల్లీమీటర్ల తీగ ముక్కలు రెండు, సరిపడే లగ్గులు సిద్ధం చేసుకోండి.