తపాలా బట్వాడా వాహనాలను విద్యుత్తుకు మార్చే విధానం: ముందు డిపో, తరువాత బండి

ఒక దేశపు తపాలా సంస్థ తన బట్వాడా వాహనాలను విద్యుత్తుకు మార్చాలని నిర్ణయించుకోగానే చర్చంతా ఏ బండి కొనాలన్న దాని మీదకు పోతుంది. ఆ ప్రశ్నను కొంతకాలం పక్కన పెట్టినా నష్టం లేదు. డిపోకు అదనపు విద్యుత్ లోడు మంజూరై, కొత్త ట్రాన్స్‌ఫార్మరు బిగించేసరికి ఒక్కోసారి ఏళ్లే గడిచిపోతాయి. కాబట్టి విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు ముందు వెళ్లాలి. అందులో ఎంత లోడు అడగాలో తెలియాలంటే అంతకంటే ముందు రూట్ల లెక్క తేలాలి.

తపాలా పని విద్యుత్ వాహనానికి చక్కగా సరిపోతుంది. రోజూ అవే వీధులు, తెలిసిన దూరం, ఇంటింటికీ ఆగుతూ సాగే ప్రయాణం, రాత్రికి మళ్లీ అదే డిపో. ఇంజన్ బండికి ఇంధనాన్ని వృథా చేసే ఈ ఆగడం, కదలడం విద్యుత్ బండిలో బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత శక్తిని బ్యాటరీకి తిరిగి చేరుస్తాయి. అయితే రూటును సగటు దూరంతో కొలవరాదు. పార్సెళ్లు పోటెత్తిన వారంలో, చలి ముదిరిన రోజున, ఎత్తుపల్లాల దారిలో ఎంత ఖర్చవుతుందో చూసి, అప్పటికీ బ్యాటరీలో ఐదో వంతు మిగిలేలా లెక్క వేయాలి. చలి ప్రాంతాల్లో కేబిన్ హీటరు వాడకం, ఒక్క ఛార్జింగుతో బండి వెళ్లగల దూరాన్ని గణనీయంగా తగ్గిస్తుంది గనుక, బండి ఛార్జరుకు తగిలించి ఉండగానే కేబిన్‌ను వెచ్చబరచుకునే అలవాటు చేయాలి.

డిపో లోడు దగ్గరే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. ఉదాహరణకు 50 వ్యాన్లున్న డిపోలో ఒక్కొక్కటి రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతుందనీ, యూనిట్‌కు 4 కిలోమీటర్లు వస్తుందనీ అనుకుందాం. ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి బండికి 11 యూనిట్లు, మొత్తం 550 యూనిట్లు కావాలి. రాత్రి 10 గంటలపాటు సర్దితే 55 కిలోవాట్ల లోడు చాలు. అదే సాయంత్రం అందరూ ఒకేసారి వచ్చి 7.4 కిలోవాట్ల ఛార్జర్లకు తగిలిస్తే అది 370 కిలోవాట్లకు ఎగబాకుతుంది. ఛార్జర్ల మధ్య విద్యుత్తును వంతులవారీగా పంచే లోడ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌ను మొదటి రోజునుంచే పెట్టాలి. కొంత అదనంగా అడిగి ఉంచుకున్నా, అడిగే లోడు మాత్రం ఈ లెక్కకు దగ్గరలో ఉండాలి. ఫాస్ట్ ఛార్జర్లు ఒకటి రెండు చాలు, అవీ మర్చిపోయి తగిలించని బండ్ల కోసమే. మర్చిపోవడం తప్పక జరుగుతుంది.

సొంత స్థలమున్న, రూట్లు చిన్నవైన డిపోలను ముందు మార్చాలి. అద్దె భవనాల్లో కేబుళ్లకు తవ్వాలంటే యజమాని అనుమతి కావాలి. ఒప్పందం ఎంతకాలం మిగిలి ఉందో చూడకుండా అక్కడ ఖర్చు పెట్టకూడదు. సార్టింగ్ కేంద్రాల మధ్య తిరిగే పెద్ద లారీల సంగతి వేరు, వాటిని ఈ ప్రణాళికలో కలపకపోవడమే మేలు.

ఇక బండి. మార్కెట్లో దొరికేదే కొనాలా, తపాలాకే ప్రత్యేకంగా చేయించాలా అన్నదానికి రెండు అనుభవాలు చూడవచ్చు. జర్మనీ తపాలా సంస్థ డాయిచ్ పోస్ట్ 2014లో స్ట్రీట్‌స్కూటర్ కంపెనీని కొని తన వ్యాన్లను తానే తయారు చేయించింది, తరువాత 2022లో ఆ వ్యాపారాన్ని అమ్మేసింది. అమెరికా తపాలా శాఖ 1987 నుంచి 1994 వరకు తయారైన, ఏసీ కూడా లేని వ్యాన్లను దశాబ్దాలు నడిపి, 2028 నాటికి 1,06,000 వాహనాలు సమకూర్చుకుంటామనీ వాటిలో 66,000 విద్యుత్ వాహనాలనీ 2022 డిసెంబరులో ప్రకటించింది. అందులో ప్రత్యేకంగా చేయించినవీ, మార్కెట్ వాహనాలూ రెండూ ఉన్నాయి. ఈ మిశ్రమ మార్గమే నాకు సబబుగా తోస్తుంది: ప్రత్యేక వాహనం ఆలస్యమైనా బట్వాడా ఆగదు.

మెకానిక్‌లకు హై వోల్టేజీ శిక్షణ మొదటి బండి రాకముందే పూర్తవ్వాలి. బ్యాటరీ వారంటీలో ఏళ్లు, కిలోమీటర్లతో పాటు మిగలాల్సిన సామర్థ్యం శాతం కూడా స్పష్టంగా రాయించుకోవాలి. అరిగిన బ్యాటరీ బండిని వెంటనే తీసేయక్కరలేదు. ఏటా సామర్థ్యం పరీక్షించి, దాన్ని మరింత చిన్న రూటుకు బదిలీ చేస్తూ పోవచ్చు.