ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో విశ్లేషణ – 4వ పాఠం: గీతల నుంచి దారుల దాకా

గత పాఠంలో, ఎవరైనా గీయగల, ఉచితంగా వాడుకోగల ప్రపంచ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను ప్రాంతాల వారీగా అందించే జియోఫాబ్రిక్ సైటు నుంచి ఒక ప్రాంతపు డేటాను దించుకొని, అందులోంచి ఆసుపత్రులను, బడులను విడదీసి లెక్కించాం. ఆ పనిలో ప్రతి వస్తువూ దేనికది విడిగా నిలిచింది. ఆసుపత్రి ముందున్న వీధి ఏ పెద్ద రోడ్డులో కలుస్తుందో తెలియకపోయినా లెక్క తప్పలేదు. ఈ పాఠంలో దారి వెతకడం మొదలుపెడుతున్నాం కాబట్టి, ఏది దేనితో కలిసి ఉందన్నదే ఇక అసలు ప్రశ్న.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రోడ్డు అంటే ఒక ‘వే’, అంటే వరుసగా పేర్చిన నోడ్‌ల (బిందువుల) జాబితా. ప్రతి నోడ్‌కూ అక్షాంశం, రేఖాంశం, వాటితోపాటు తనదైన ఒక గుర్తింపు సంఖ్య ఉంటాయి. రెండు రోడ్లు ఒకచోట కలుస్తాయని దారి వెతికే ప్రోగ్రాం గ్రహించాలంటే, ఆ రెండు జాబితాల్లోనూ అదే సంఖ్య గల నోడ్ ఉండి తీరాలి. తెరమీద రెండు గీతలు ఒకదాన్నొకటి దాటుతూ కనిపించినా, ఉమ్మడి నోడ్ లేకపోతే అక్కడ మలుపు లేనట్టే. ఇది లోపం కాదు, కావాలని పెట్టుకున్న నియమం. వంతెన మీది రోడ్డుకు ‘బ్రిడ్జ్=యెస్’, ‘లేయర్=1’ అన్న ట్యాగులు (లక్షణాన్ని చెప్పే చీటీలు) తగిలించి, కింది రోడ్డుతో నోడ్ పంచుకోకుండా గీస్తారు. అలా గీయకపోతే ప్రోగ్రాం వాహనాన్ని వంతెన మీంచి నేరుగా కింది రోడ్డు మీదికి దిగమంటుంది.

చిక్కు దీనికి ఎదురు దిశలో వస్తుంది. ఎవరో ఒక సందును గీస్తూ పెద్ద రోడ్డుకు అర మీటరు ఇవతలే ఆపేశారనుకుందాం. మామూలు స్థాయిలో చూస్తే రెండూ అతుక్కున్నట్టే ఉంటాయి. బాగా దగ్గరికి తెచ్చి చూస్తే తప్ప ఆ సందు చివరి నోడ్ పెద్ద రోడ్డు జాబితాలో లేదని తెలియదు. ఫలితంగా ఆ సందులోని ఇళ్లన్నిటికీ దారి లేదని ప్రోగ్రాం తేలుస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను సవరించడానికి వాడే జోసమ్ ఎడిటర్‌లోని వ్యాలిడేటర్ (తప్పులు వెతికే సాధనం) ఇటువంటి తెగిన కొసలను పట్టిస్తుంది. విశ్లేషణకు ముందు ఆ తనిఖీ చేయడాన్ని అలవాటు చేసుకోవాలి.

కలయికలు సరిపోయాక, రెండు కలయికల మధ్య ఉన్న ప్రతి రోడ్డు ముక్కకూ ఒక ఖర్చు కట్టాలి. 1959లో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ప్రచురించిన పద్ధతి గానీ, దాని తరువాత వచ్చినవి గానీ చేసేది మొత్తం ఖర్చు తక్కువయ్యే ముక్కల వరుసను వెతకడమే. ఆ ఖర్చు దూరమా, సమయమా, మరొకటా అన్నది మనం నిర్ణయించాలి. విపత్తు సహాయక చర్యల్లో దాదాపు ఎప్పుడూ సమయమే కావాలి. ‘హైవే’ ట్యాగు రోడ్డు తరగతిని, ‘సర్ఫేస్’ ఉపరితలాన్ని, ‘వన్‌వే’ దిశను చెబుతాయి. ఎటు తిరగకూడదో చెప్పే రిలేషన్లు (వేలను, నోడ్‌లను ఒక సంబంధంతో జతచేసే నమోదులు) వేరుగా ఉంటాయి.

ఒక చిన్న లెక్క చూద్దాం. గిడ్డంగి నుంచి శిబిరానికి వంతెన మీదుగా 6 కిలోమీటర్లు, వేగం గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే 12 నిమిషాలు పడుతుంది. వంతెన కూలితే చుట్టుదారి 14 కిలోమీటర్లు. అందులో 9 కిలోమీటర్లు అదే వేగంతో 18 నిమిషాలు, మిగతా 5 కిలోమీటర్ల మట్టి రోడ్డు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో 20 నిమిషాలు, మొత్తం 38 నిమిషాలు. దూరం రెండింతలకు కాస్త పైన పెరిగితే సమయం మూడింతలు దాటింది. ‘సర్ఫేస్’ ట్యాగు లేకపోయుంటే లెక్క 28 నిమిషాలే చూపేది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లను విశ్లేషించే ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ లాంటి పైథాన్ గ్రంథాలయాలు (సిద్ధంగా రాసిపెట్టిన కోడ్ సంపుటాలు) వేగం తెలియని రోడ్లకు అదే తరగతిలో వేగం నమోదైన రోడ్ల సగటును వేసి ఖాళీని పూరిస్తాయి. ఆ సగటు చట్టం అనుమతించే గరిష్ఠ వేగాల నుంచి పుట్టింది, లారీ నిజంగా వెళ్లగల వేగం నుంచి కాదు. అందుకే తరగతుల వారీ వేగాల పట్టికను మీరే రాసి ఇవ్వడం మేలు.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసిన సంగతి. ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ గ్రాఫ్‌ను, అంటే కలయికలూ వాటిని కలిపే రోడ్డు ముక్కలూ గల అల్లికను, తయారుచేసేటప్పుడు, మీరు ప్రత్యేకంగా వద్దనకపోతే, ఒకదానితో ఒకటి కలిసివున్న అతిపెద్ద భాగాన్ని మాత్రమే ఉంచుకొని మిగతా ముక్కలను పారేస్తుంది. నగర ప్రణాళిక చేసేవారికి ఇది సౌకర్యమే, ఎందుకంటే ఎటూ చేరని చిన్న ముక్కలు వారి లెక్కలకు అడ్డు. సహాయ విశ్లేషణకు మాత్రం ఇది ప్రమాదకరం. ప్రధాన రోడ్డుతో కలయిక గీయని గ్రామం ఫలితంలో ‘చేరలేము’ అని కూడా కనిపించదు, అసలు లేనే లేనట్టు మాయమవుతుంది. పైగా దాని దగ్గరి నోడ్ ఏదని అడిగితే, నది అవతలి ఒడ్డున ఉన్న నోడ్‌ను చూపి, చక్కటి సమయంతో ఒక దారిని ఇచ్చేయవచ్చు. ‘రిటెయిన్ ఆల్’ అనే ఐచ్ఛికాన్ని ‘ట్రూ’ చేస్తే ముక్కలన్నీ నిలుస్తాయి.

డేటాలో పలచగా ఉండే చోట్లే విపత్తులో ముందుగా కావలసివస్తాయి. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చేనాటికి పోర్ట్ ఒ ప్రిన్స్ పటం చాలావరకు ఖాళీగా ఉండగా, స్వచ్ఛంద కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాల మీద వీధులను కొద్ది రోజుల్లోనే గీశారు. హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ అదే ఏడాది సంస్థగా ఏర్పడింది. విపత్తు రాకముందే ఖాళీలను నింపాలని 2014లో ఆ సంస్థతోపాటు అమెరికన్, బ్రిటిష్ రెడ్‌క్రాస్‌లు, వైద్య సహాయ సంస్థ ఎమ్ఎస్ఎఫ్ కలిసి మిస్సింగ్ మ్యాప్స్‌ను ప్రారంభించాయి.

కూలిన వంతెనను ఎలా చూపాలన్నది మిగిలింది. కొన్ని రోజుల పాటు మూసిన రోడ్డును ఉమ్మడి పటంలో మార్చడం సరికాదు, ఎందుకంటే ఆ మార్పుతో మరొకరు దించుకున్న పటం ప్రతి, రోడ్డు తెరిచాక కూడా నెలల తరబడి వారి చేతిలో అలాగే ఉండిపోవచ్చు. మూసివేతలను వేరే పొరలో ఉంచుకొని, దారి అడిగేటప్పుడు మాత్రమే జోడించండి. దారి వెతికే ప్రోగ్రాంలైన ఓపెన్‌రూట్‌సర్వీస్, వల్హల్లా రెండూ ఫలానా ప్రాంతాన్ని తప్పించమని గీసిచ్చిన బహుభుజిని అంగీకరిస్తాయి. అలాంటిదే మరో ప్రోగ్రాం ఓఎస్ఆర్ఎమ్ వేగంగా జవాబివ్వడానికి ముందే భారీ లెక్కలు చేసి పెట్టుకుంటుంది కాబట్టి, గంటకొకసారి మారే పరిస్థితికి నా ఎంపిక అది కాదు.

అభ్యాసం: నది ఉన్న ఏదైనా చిన్న ప్రాంతాన్ని తీసుకొని, వాహనాల గ్రాఫ్‌ను రెండు సార్లు తయారుచేయండి, ఒకసారి మామూలుగా, మరోసారి ముక్కలన్నిటినీ ఉంచి. రెండింటి తేడాను పటాలు చూసే క్యూజిస్ సాఫ్ట్‌వేర్‌లో ఉపగ్రహ చిత్రం మీద పరచి, పారేసిన ప్రతి ముక్కనూ పరిశీలించండి. అది నిజంగానే విడిగా ఉన్నదా, కొస తెగిందా, మధ్య రోడ్డు ఎవరూ గీయలేదా అన్నది దాని ఎదుట రాయండి. కొస తెగినవాటిని సరిదిద్ది పటంలోకి పంపండి, గీయని రోడ్ల జాబితాను మాత్రం అట్టే పెట్టుకోండి. ఆసుపత్రికి అరగంటలో చేరగల ప్రాంతపు హద్దును గీసే 5వ పాఠంలో అదే జాబితాతో పని మొదలవుతుంది.